తాటిపూడి గట్టున టెంట్లో ఒక రాత్రి: చోటు బంగారం, లైఫ్ జాకెట్టు మాత్రం నాన్న సైజు

ముందే చెప్పేస్తాను, నా లెక్కలో దీనికి ఐదుకి మూడు. ఆ మూడులో ఒకటి నీళ్ళకి, ఒకటి మామిడిచెట్లకి, మూడోది అక్కడ తోట కాపలా ఉండే అతని భార్యకి. క్యాంపు నడిపే ఆయనకి విడిగా ఏమీ మిగల్లేదు. ఆయన మోసగాడేం కాదు, ఫోన్ చేసిన ప్రతిసారీ ఎత్తారు, డబ్బు దగ్గర పేచీ పెట్టలేదు, చెప్పిన టెంటే ఇచ్చారు, అందుకే క్యాంపు పేరు రాయట్లేదు. నా గొడవల్లా ఒక్కటే. "ఫ్యామిలీలే వస్తారండీ, పిల్లలకి సూపర్‌గా ఉంటది" అని ఫోన్లో చెప్పిన మనిషి, పిల్లలు ఎంత ఎత్తుంటారో ఒక్కసారైనా చూసుకోలేదు. అక్కడ ఉన్నవన్నీ పెద్దవాళ్ళ కొలతకే: తలుపు గడియ, బకెట్, కూరలో కారం, భోజనం టైము, ఆఖరికి ప్రాణం కాపాడాల్సిన జాకెట్టు కూడా.

మాది విజయనగరం. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి మొన్న సంక్రాంతికి ఐదు నిండాయి. ఏప్రిల్ ఆఖర్లో బడికి సెలవులిచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే రగడ, ఉన్నది ఒక ఫోను, కొట్టుకునేది ఇద్దరు. రామతీర్థం తీసుకెళ్ళాం, భీమిలి బీచ్‌కి రెండుసార్లు తీసుకెళ్ళాం, అయినా పెద్దది ఏదో వీడియోలో నీళ్ళ పక్కన టెంటు, టెంట్లో లైటు, లైటు కింద పిల్లలు కబుర్లు చెప్పుకోవడం చూసి అదే పట్టు పట్టింది. మా అత్తగారు విని "ఇంత ఇల్లెట్టుకుని గుడ్డ కింద పడుకోడానికి డబ్బులిచ్చి మరీ ఎళ్తారేటి" అన్నారు. ఆవిడ మాట ఆ రాత్రి రెండు గంటలకి నాకు బాగా గుర్తొచ్చింది.

తాటిపూడి మన జిల్లాలో అందరికీ తెలిసిందే. గంట్యాడ మీదుగా వెళ్ళాం, కారులో గంట కూడా పట్టలేదు. గోస్తనీ నది మీద 1963 నుంచి 1968 దాకా కట్టిన జలాశయం ఇది. ఆ నది అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర మొదలై, ఇక్కడ ఆగి, పోయి పోయి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నీళ్ళు విశాఖపట్నానికి తాగడానికి కూడా వెళ్తాయని మా వారు దారిలో పిల్లలకి చెప్పారు. చిన్నది కాసేపు ఆలోచించి "అయితే నేను ఇందులో ఉమ్మితే వైజాగ్‌లో అత్త తాగేస్తుందా?" అంది. వెనక సీట్లో ఇక నవ్వులే నవ్వులు. ఆ ప్రశ్న నాకు సాయంత్రం మళ్ళీ గుర్తొచ్చింది, ఎందుకంటే క్యాంపు కుర్రాళ్ళు మధ్యాహ్నం బిరియానీ గిన్నెలన్నీ నీళ్ళ అంచుకి తెచ్చి, సబ్బు పెట్టి తోమి, ఆ నురగంతా అందులోకే వదిలేశారు. జనం తాగే నీళ్ళు కదా బాబూ అంటే "కొంచమే కదండీ" అన్నారు. నాలుగు బకెట్ల నీళ్ళు పైకి మోసుకెళ్ళి చెట్ల మొదట్లో తోముకుంటే తీరిపోయే పని.

ధర మనిషికి 1500, పదేళ్ళలోపు పిల్లలకి 1000, మా నలుగురికీ కలిపి 5000. అందులోనే టెంటు, రాత్రి భోజనం, పొద్దున్న టిఫిను, ఒక దఫా పడవ. మే రెండో వారం, శనివారం, మూడు గంటలకి దిగాం. ఆ టైముకి దిగడం మా తప్పే, ఎండ నెత్తి మాడ్చేస్తోంది. కానీ చోటు గురించి ఒక్క వంక పెట్టలేను. నీళ్ళ వైపు ఏటవాలుగా దిగే మామిడితోట, అందులో అక్కడక్కడా ఎనిమిది టెంట్లు, ఎదురుగా నీళ్ళు, నీళ్ళకి అవతల ఒకదాని వెనక ఒకటి కొండలు. సువర్ణరేఖ కాయలు బుగ్గలు ఎర్రబడి చేతికందేంత కిందకి వేలాడుతున్నాయి, కోయొద్దు, రాలినవి తినొచ్చు అని చెప్పారు, అది న్యాయంగానే ఉంది. ఐదు దాటాక ఎండ చల్లారి, ఆ కొండల నీడ మెల్లగా నీళ్ళ మీదకి పాకుతుంటే, ఒక నీటికాకి మొండి కొమ్మ మీద రెక్కలు రెండూ బార్లా చాపుకుని ఆరబెట్టుకుంటూ కూర్చుంది. "అది బట్టలారేసుకుంటోందమ్మా" అంది చిన్నది. ఆ అరగంటకి నేను 5000 ఇచ్చేసినట్టే, మిగిలిన రాత్రంతా కొసరు.

ఇక్కడ ఒక సంగతి, ఫోటోల్లో కనిపించనిది. వాళ్ళు పెట్టిన ఫోటోలన్నీ వానలు పడ్డాక తీసినవి, టెంటు ముందే నీళ్ళు. మే నెలలో జలాశయం వెనక్కి తగ్గిపోతుంది, టెంటు దగ్గర్నుంచి నీళ్ళ దాకా రెండొందల అడుగులు పైనే నడవాలి, అదంతా ఎండిన ఒండ్రు. పైన పెచ్చులు పెచ్చులుగా బీటలు వారి గట్టిగా కనిపిస్తుంది, అంచుకి పది అడుగుల దూరంలో మాత్రం పైపెచ్చు అప్పడంలా విరిగి కింద మెత్తటి బురద. చిన్నది పరిగెత్తింది, నేను ఆగవే అనేలోపే కుడికాలు మోకాలి దాకా దిగిపోయింది. ఏడవలేదు, ఆశ్చర్యంగా చూసింది. నేను లాగితే కాలు వచ్చింది, చెప్పు రాలేదు. మా వారు మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికితే ఒక పాత సీసామూత దొరికింది గానీ చెప్పు దొరకలేదు. పిల్లకి ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను, కానీ అక్కడ నాలుగు గెడలు పాతి ఒక తాడు కట్టి "పిల్లలు ఇక్కడిదాకే" అని చెప్పే దిక్కు లేదు. నీళ్ళలో దిగనివ్వలేదు నేను, అలాంటి జలాశయాల్లో అడుగు ఎక్కడ ఉన్నట్టుండి లోతవుతుందో పైనుంచి తెలియదు. వచ్చిన మిగతావాళ్ళు దిగారు, అది వాళ్ళిష్టం.

ఇప్పుడు పడవ. నాకు కోపం వచ్చింది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఐదున్నరకి పడవతను వచ్చి నారింజరంగు జాకెట్లు నాలుగు పడేశాడు, నాలుగూ ఒకటే సైజు. పెద్దదానికి తొడిగితే మోకాళ్ళకి కాస్త పైదాకా వచ్చింది, చిన్నది అందులో కనపడనే లేదు, మెడ దగ్గర రెండు కళ్ళు మాత్రం. "బెల్టు బిగించేస్తే సరిపోద్దండీ" అన్నాడు. సరిపోదు. ఎవరైనా చేసి చూసుకోవచ్చు: జాకెట్టు తొడిగి, బకిల్సన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తండి. జాకెట్టు పిల్ల గడ్డం, చెవులు దాటి పైకి వచ్చేస్తే అది ఆ పిల్లది కాదు. నీళ్ళలో పడితే జరిగేది సరిగ్గా అదే, జాకెట్టు తేలుతుంది, పిల్ల కిందనుంచి జారిపోతుంది. చిన్నపిల్లల జాకెట్లకి కాళ్ళ మధ్యనుంచి తీసి ముందు పెట్టుకునే పట్టీ ఒకటి ఉంటుంది, అది ఈ జారడం ఆపడానికే. లోపల లేబుల్ మీద ఎన్ని కిలోల మనిషికో రాసి ఉంటుంది, అక్కడున్న నాలుగింటి మీదా పెద్దవాళ్ళ బరువే రాసి ఉంది. పెద్దదానికి ఎత్తి చూస్తే ముక్కు దాకా వచ్చింది, చిన్నదానికి ఎత్తితే జాకెట్టు నా చేతిలో ఉంది, పిల్ల నేల మీద ఉంది.

2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజులు నాకు బాగా గుర్తు, అప్పటికి మా పెద్దది ఒళ్ళో పిల్ల, టీవీ కట్టేసి మళ్ళీ పెట్టుకుంటూ చూశాను. ఆ తర్వాత జాకెట్టు లేనిదే బోటు కదలకూడదు అన్న మాట అందరికీ వచ్చింది, మంచిదే. కానీ ఒంటి మీద నారింజరంగు కనిపిస్తే చాలనుకుంటే అది ఫోటోకి పనికొస్తుంది, నీళ్ళకి కాదు. నేను ఎక్కనివ్వలేదు. పెద్దది ఏడ్చింది, చిన్నది అక్క ఏడ్చింది కాబట్టి ఏడ్చింది, మా వారు "గట్టు పక్కనే తిప్పుతాడులే" అని ఒకసారి అన్నారు, నా మొహం చూసి రెండోసారి అనలేదు. పడవ డబ్బు మనిషికి 200 చొప్పున వెనక్కిమ్మంటే మారు మాట్లాడకుండా ఇచ్చేశారు, అది ఒప్పుకోవాలి.

టెంటు సంగతి బాగుంది. నలుగురి టెంటు అంటారు, వెడల్పు ఏడడుగులు ఉంటుందేమో, నలుగురు పెద్దవాళ్ళు పడుకుంటే ఒకరు పక్కకి తిరగాలన్నా మిగతా ముగ్గురినీ అడగాలి. మా ఇద్దరూ చిన్నవాళ్ళు కాబట్టి సరిపోయింది, ఆ తోట మొత్తంలో మా పిల్లల కొలతకి సరిపడింది అదొక్కటే. జిప్పులు గట్టివి, కింద పరుపు పలచన అయినా శుభ్రంగా ఉంది, దుప్పట్లు మేం తీసుకెళ్ళాం. టెంటుకి రెండు పొరలు, లోపలిది దోమతెర గుడ్డ, పైన కప్పేది వానకి. ఉక్క పోస్తోందని సాయంత్రం ఆ పై కప్పు తీసి చుట్టేయించుకున్నాం, పడుకుంటే తెరలోంచి మామిడాకులు, ఆకుల సందుల్లో చుక్కలు. పెద్దది సరిగ్గా దీనికోసమే వచ్చింది. "ఇలాగే ఉంది అమ్మా, వీడియోలో కూడా ఇలాగే ఉంది" అని గుసగుసగా నాలుగుసార్లు చెప్పింది.

బాత్రూములు రెండు, ఎనిమిది టెంట్లకి. టెంటు దగ్గర్నుంచి అరవై అడుగులు, మధ్యలో లైటు లేదు, టార్చి లేకుండా వెళ్ళొద్దు, ఎండాకాలం తేళ్ళూ పాములూ చల్లదనం కోసం తిరుగుతుంటాయి, చెప్పులు కూడా దులిపి వేసుకోవాలి. లోపల నీళ్ళున్నాయి, కంపు లేదు, సరే. కానీ గడియ నా తలకంటే పైన, నేను చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లకి అందదు, దానికి ఇప్పుడిప్పుడే సిగ్గు తెలుస్తోంది, అమ్మ లోపలికి రాకూడదు, గడియ పెట్టాలి. తలుపు బయట నేను వీపు ఆనించి నిలబడితే, లోపల్నుంచి నిమిషానికోసారి "ఉన్నావా?" అని, నేను "ఉన్నాను" అని. మగపిల్లల తల్లిదండ్రులకి ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. కింద ఇంకో గడియ బిగించడానికి వంద రూపాయలవుతుంది. బకెట్ నిండా నీళ్ళు పోసి పెట్టారు, పెద్ద బకెట్, చిన్నది దాన్ని వంచబోయి తనే అందులో పడబోయింది.

భోజనం ఎనిమిదన్నరకి అన్నారు, పది దాటింది. బొంగులో చికెన్ అరకు దారిలో తిన్నంత రుచిగా ఉంది, ఆ మాటకొస్తే ఇంకా మెత్తగా ఉడికింది, వెదురు వాసన ముక్క లోపలిదాకా పట్టింది. మేమిద్దరం బాగా తిన్నాం. కారం మాత్రం మగరాయుళ్ళ కోసం వేసినట్టుంది. పిల్లలకి పెరుగన్నం ఉందా అంటే పెరుగు లేదు, చప్పిడి పప్పు ఉందా అంటే పప్పు చెయ్యలేదు. ఇంటి దగ్గర్నుంచి పులిహోర, అరటిపళ్ళు తెచ్చాను కాబట్టి సరిపోయింది, అవి తిని తొమ్మిదింటికే ఇద్దరూ పడుకున్నారు. పడుకున్నారు అనడమే గానీ పక్క టెంట్ల కుర్రాళ్ళ స్పీకరు పన్నెండు దాకా ఆగలేదు. మేలో చలిమంట ఎందుకో నాకు అర్థం కాదు, అది కూడా వేశారు, ప్యాకేజీలో ఉందట.

రెండు గంటలకి గాలి లేచింది. అసలు పదింటికే ఫోన్‌కి విపత్తుల సంస్థ మెసేజ్ వచ్చింది, మన వైపు పిడుగులు పడొచ్చు, చెట్ల కింద ఉండొద్దు అని, వేసవిలో అలాంటివి రోజూ వస్తుంటాయి కదా అని చూసి ఊరుకున్నాను. తప్పు నాది కూడా. మొదట టప్ అని ఒక చప్పుడు, ఏమిటా అనుకునేలోపు ఇంకొకటి, మామిడికాయలు టెంటు మీద పడుతున్నాయి. ఒకటి సరిగ్గా మా వారి కడుపు మీద పడింది, మధ్యలో తెర ఉన్నా "అమ్మో" అన్నారు. తర్వాత వాన. పై కప్పు తీసేయించుకున్నాం కదా, అది చుట్టి ఎక్కడ పెట్టారో తెలియదు, దోమతెర మీద వాన అంటే జల్లెడ కింద కూర్చున్నట్టే. పెద్దది మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెడుతోంది, మూడు లెక్కకి ఒక కిలోమీటరు అని వాళ్ళ టీచర్ చెప్పారట. మొదట పదిహేను వచ్చింది, తర్వాత తొమ్మిది. "అమ్మా, ఇప్పుడు ఆరు" అన్నప్పుడు నేనింక ఆగలేదు. గుడ్డ టెంటు పిడుగుకి అడ్డం కాదు, పైగా చెట్టు కింద ఉన్నాం, కారు చాలా నయం, చుట్టూ ఇనుము ఉంటుంది కాబట్టి కరెంటు దాని పైనుంచే పోతుంది. కారు గేటు దగ్గర ఉంది. క్యాంపు వాళ్ళు ఒక్కరూ కనపడలేదు, ఓనరు సాయంత్రమే వెళ్ళిపోయారు, కుర్రాళ్ళు ఎక్కడ పడుకున్నారో తెలియదు.

చెరో పిల్లనీ ఎత్తుకుని పరిగెడుతుంటే గేటు పక్క కాపలా వాళ్ళ రెండు గదుల స్లాబు ఇంట్లోంచి ఒకావిడ టార్చి ఊపుతూ, "ఏటమ్మా, గుంటలు తడిసిపోతన్నారు, బేగి రండి లోపలికి" అని కేకేసింది. కరెంటు పోయింది, దీపం పెట్టింది. తన చీర ఒకటి తీసి చిన్నదాన్ని చుట్టేసింది, పెద్దదానికి వాళ్ళమ్మాయి గౌను ఇచ్చింది, దాని కొలతకి అతికినట్టు సరిపోయింది. ఆవిడకీ ఇద్దరు ఆడపిల్లలేనట, అమ్మమ్మగారింటికి వెళ్ళారట. మా వాళ్ళు పది నిమిషాల్లో ఆవిడ మంచం మీద నిద్రపోయారు, మేం ముగ్గురం గుమ్మంలో కూర్చుని వాన తగ్గేదాకా కబుర్లు. "పిల్లలొస్తే నాను సెప్తానే ఉంటానమ్మా, ఆలకి పెరుగైనా తోడెట్టండని. ఇనరు" అంది. అంటే ఈ సంగతి మొదట కనిపెట్టింది నేను కాదు.

పొద్దున్న ఐదున్నరకే వెలుగు వచ్చేసింది. తోటంతా రాలిన కాయలు, గాలి చల్లగా ఉంది, నీళ్ళ మీద పొగలాంటి మంచు. క్యాంపు టిఫిను తొమ్మిదికి, మళ్ళీ పెద్దవాళ్ళ టైమే. ఆవిడ గిన్నెలో చోడంబలి, అంటే రాగి అంబలి తెచ్చింది, మజ్జిగ పోసి, పక్కన ఉల్లిపాయ, వేయించిన ఎండుమిరప మా ఇద్దరికి. పెద్దది సగం గ్లాసు తాగి మిగతాది నాకిచ్చింది. ఇంట్లో రాగిజావ అంటే నోరు బిగించేసే చిన్నది, అందులో బెల్లం ముక్క వేసి ఇస్తే రెండు గ్లాసులు తాగి మూతి చుట్టూ మీసం పెట్టుకుని తిరిగింది. డబ్బివ్వబోతే తీసుకోలేదు, పిల్లల చేతిలో పెడతాను అంటే "ఊళ్ళో లేరుగా" అని నవ్వింది. చివరికి మా దగ్గరున్న పెద్ద టార్చి వదిలేసి వచ్చాం, ఆవిడ టార్చి చార్జింగు సరిగ్గా నిలవడం లేదు. పిల్లలిద్దరూ సంచీ నిండా రాలిన మామిడికాయలు ఏరుకున్నారు, వాటిలో సగం పగిలినవే, అయినా ఒక్కటి కూడా పారేయనివ్వలేదు. ఇంటికొచ్చాక మా అత్తగారు ఆ కాయలు చూసి ఏమీ అనలేదు, కూర్చుని పచ్చివి వేరుచేసి పప్పులో వేశారు.

వెళ్ళాలా అంటే, వెళ్ళండి. మేలో మాత్రం వద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే నీళ్ళు నిండుగా దగ్గరగా ఉంటాయి, ఎండ, పిడుగుల భయం అంతగా ఉండవు, చలిమంటకి కూడా అర్థం ఉంటుంది. శనివారం కాకుండా మామూలు రోజు చూసుకోండి, స్పీకర్లు ఉండవు. పిల్లల జాకెట్లు సొంతంగా కొనుక్కుని వెళ్ళండి, మేం ఇప్పుడు అదే పనిలో ఉన్నాం. పెరుగు, టార్చీలు రెండు, పాత చెప్పులు, చిన్న మగ్గు ఒకటి పెట్టుకోండి. టెంటు పై కప్పు తీయించుకున్నా దాన్ని మాత్రం మీ తలగడ కిందే ఉంచుకోండి.

ఓనరుకి మర్నాడు ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను, ఇరవై నిమిషాలు. ఓపిగ్గా విన్నారు, గడియ ఆ వారమే వేయిస్తాను, రాత్రిపూట ఒక మనిషిని టెంట్ల దగ్గర పడుకోబెడతాను, చిన్న సైజు జాకెట్లు నాలుగు తెప్పిస్తాను అన్నారు. గడియ బిగించి ఫోటో నిజంగానే పంపారు. చూస్తే అది ఇప్పుడు నా నడుము ఎత్తులో ఉంది. జాకెట్ల ఫోటో ఇంకా రాలేదు, అది వచ్చినరోజు నాలుగో మార్కు కలుపుతాను. చిన్నది మాత్రం రోజూ ఒకటే అడుగుతోంది, నీళ్ళు మళ్ళీ నిండాక దాని చెప్పు తేలుతుందా అని.